ఏడడుగుల పడవ

లోకమునందలి చట్టములు సాధారణముగా మనుష్యుని వాని యింటినిబట్టి గుర్తించును. పన్ను వసూలు చేయవలెనన్నను, బిడ్డను బడిలో చేర్చుకొనవలెనన్నను, రోగికి మందీయవలెనన్నను, ఓటర్ల పట్టీలో పేరెక్కింపవలెనన్నను, అధికారి మొదట నడుగు ప్రశ్న యొక్కటే: “నీ యూరేది? ఇల్లెక్కడ?” ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పలేనివాడు దేశమునందుండియు లేనివానితో సమానుడగుచున్నాడు. ఇంగ్లండు కాలువలపై రెండున్నర శతాబ్దములుగా తిరుగుచున్న ఇరుకుపడవల చరిత్ర ఇందులకు మంచి నిదర్శనము. ఆ పడవ వెడల్పు ఏడడుగులు. ఆ కొలత యెట్లేర్పడెను, అందు కాపురముండినవారి గతి యేమయ్యెను, నేడు అట్టి పడవను కొని నడుపగోరువాడు తెలిసికొనవలసినదేమి, అను మూడు విషయములను ఇచ్చట వరుసగా విచారింతము. ఈ మూడింటికిని గల సంబంధము పోనుపోను తెలియగలదు.

గోదావరి మండలపు చదువరులకు లాకనగానేమో వేరుగ చెప్పనక్కరలేదు. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టను కట్టించిన ఆర్థరు కాటను దొర, కాలువలు చేలకు నీరిచ్చుటతో తృప్తిపడక పడవలకు దారియు కావలెనని వాదించినవాడు. అందుచేతనే మన కాలువలపై లాకులు వెలసినవి. మట్టము హెచ్చుగానున్న నీటికిని తగ్గుగానున్న నీటికిని నడుమ, ఇరుకొనల తలుపులుగల తొట్టివంటి కట్టడమే లాకు. పడవ లోనికి వచ్చిన పిదప తలుపులు మూసి, తూములెత్తి నీరు నింపినచో పడవ పైకి లేచును. నీరు వదలినచో దిగును. ఇంగ్లండు కాలువలు కొండలెక్కి దిగుచున్నది ఈ యుపాయముచేతనే. ఆ దేశపు పడవ వెడల్పును నిర్ణయించినదియు ఈ లాకే.

బ్రిడ్జివాటరు ప్రభువునకు వర్స్‌లీ గ్రామమున బొగ్గుగనులుండెను. ఆ బొగ్గును మాంచెస్టరు నగరమునకు చేర్చుటకై ఆయన 1759లో పార్లమెంటు అనుమతిని బడసి కాలువ త్రవ్వింప మొదలిడెను. జాన్ గిల్బర్టు అనునాతడు ఆయన కార్యకర్త. జేమ్సు బ్రిండ్లీ ఇంజనీరు. బ్రిండ్లీ తిరగలిమరల పనిలో చేయితిరిగినవాడేగాని పెద్దచదువు చదివినవాడు కాడు. బార్టనువద్ద ఇర్వెలు నది అడ్డుపడగా, నదిపై రాతికమానులు కట్టి వానిమీదుగా కాలువనే నడిపించెను. మన గన్నవరపు అక్విడక్టు వైనతేయగోదావరిని దాటుచున్నట్లే అదియు నదిని దాటెను. 1761లో దానిపై పడవ నడచినప్పుడు, నదిలో నొక పడవయు దానిపైగా గాలిలో నొక పడవయు పోవుట చూచి జనులు వింతపడిరి. మాంచెస్టరులో బొగ్గువెల సగమునకు దిగెనని ప్రసిద్ధి.

ఈ లాభమును చూచి స్టాఫర్డుషైరు కుమ్మరిపనివారు మేల్కొనిరి. వారి పింగాణిపాత్రలు అప్పుడు గుఱ్ఱముల వీపులపై గతుకులబాటలవెంట పోవుచు దారిలోనే పగిలిపోవుచుండెను. జొసయ్య వెడ్జివుడ్డు మొదలగువారి పూనికచే 1766లో ట్రెంటు నదిని మెర్సీ నదితో కలుపు కాలువకు చట్టము పుట్టెను. తొలి మట్టిపెళ్లను వెడ్జివుడ్డే త్రవ్వెను. దారిలో హేర్‌కాసిలు కొండ యడ్డుగానుండెను. దానిలోగుండ 2,880 గజముల సొరంగము త్రవ్వవలసివచ్చెను. సొరంగము వెడల్పయినకొలది వ్యయము పెరుగును; లాకు వెడల్పయినకొలది ప్రతి పడవకును దిగువకు పోవు నీరు హెచ్చును. కొండమీది కాలువకు నీరు దొరకుటయే కష్టము. కావున బ్రిండ్లీ లాకులను ఏడడుగులకు కొంచెము మించిన వెడల్పుతోను, డెబ్బదిరెండడుగుల పైచిలుకు పొడవుతోను కట్టించెను. అందులో పట్టుటకు పడవయు ఏడడుగుల వెడల్పే కావలసివచ్చెను. బ్రిండ్లీ 1772లోనే మరణించెను. కాలువ 1777లో ముగిసెను. తరువాత మిడ్లాండ్సు ప్రాంతమున త్రవ్విన కాలువలలో పెక్కింటికి ఈ కొలతయే ఒరవడియయ్యెను. డబ్బును నీటిని పొదుపుచేయుటకై ఒక ఇంజనీరు వేసిన లెక్క, ఆయన యెన్నడును చూడని వేలకొలది కుటుంబముల యింటి వెడల్పును నిర్ణయించినది.

ఆ పడవపై ఇరువదియైదు మొదలు ముప్పది టన్నుల వరకు సరకును ఒక్క గుఱ్ఱము గట్టుబాటవెంట నడచుచు లాగగలిగెడిది. హేర్‌కాసిలు సొరంగమున గట్టుబాట లేదు. గుఱ్ఱమును కొండమీదుగా నడిపించి, పడవవారు పలకలపై వెల్లకిలపరుండి, సొరంగపు గోడలను కాళ్లతో తన్నుచు ఆ చీకటిలో మైలున్నర దూరమునకు మించి పడవను నెట్టుకొనిపోవుచుండిరి. 1827లో టెల్ఫర్డు గట్టుబాటతో కూడిన రెండవ సొరంగమును ప్రక్కనే త్రవ్వించువరకు ఇదియే గతి.

1830 తరువాత రైళ్లు ప్రబలెను. ఏడడుగుల పడవ ముప్పది టన్నులకంటె మోయలేదు. రైలుబండికి ఆ హద్దు లేదు. కాలువ కంపెనీలు కూలిధరలు తగ్గించిరి. పడవకు పనివానిని వేరుగ పెట్టుకొనుటకు చాలని సంపాదనలో, గట్టుమీది యింటికి అద్దె యెట్లు వచ్చును? పడవనడుపువాడు ఇల్లు వదలి ఆలుబిడ్డలను పడవ యెక్కించెను. భార్య చుక్కాని పట్టెను. బిడ్డలు గుఱ్ఱమును తోలిరి, లాకుతలుపులు నెట్టిరి. జీతము లేని పనివారు దొరకిరి, అద్దె లేని యిల్లు దొరకెను.

ఆ యింటిని వర్ణించినగాని దాని యిరుకు తెలియదు. పడవలో సరకు పట్టు చోటే కూలిని తెచ్చు చోటు. కావున కాపురమునకు మిగిలినది వెనుకకొనయందు సుమారు పదియడుగుల పొడవుగల గది యొక్కటి. ద్వారముప్రక్కనే బొగ్గుపొయ్యి. దాని ప్రక్కన అలమార. అలమారతలుపును దించినచో అదియే భోజనపుబల్ల. లోపలి కొనయందు అడ్డముగ వాల్చుకొను పలకయే దంపతుల పడక, ప్రక్కబల్లపై బిడ్డలు. పురుడును రోగమును చావును అందులోనే. ఇంతటి యిరుకునందును ఆ స్త్రీలు ఇత్తడికడ్డీలను అద్దమువలె తోమి, గోడలకు అల్లికల అంచులు కట్టి, తలుపులమీదను నీళ్లడబ్బాలమీదను గులాబీపూవులను కోటలను రంగులతో వ్రాయించుకొనిరి. మురికిజనమని గట్టుమీదివారు తమ్ము నిందించుచుండగా, పడవ స్త్రీలు తమ గదిని మెరయించియే దానికి జవాబిచ్చిరి.

ఈ జనులను గూర్చి లోకమును మేలుకొలిపినవాడు జార్జి స్మిత్తు. ఆయన 1831లో పుట్టి, తొమ్మిదవయేటనే ఇటుకలబట్టీలో తలపై మట్టి మోసినవాడు. పెద్దవాడై కోల్‌విల్లులో ఇటుకల కార్ఖానాకు మేనేజరయ్యును, బట్టీలలోని బిడ్డల కడగండ్లను మరువక ఉద్యమము సాగించెను. 1871లో వారి రక్షణకై చట్టము వచ్చెను. ఆ పట్టుదలకు ఫలముగా ఆయన యుద్యోగము పోయి, దారిద్ర్యము ప్రాప్తించెను. అయినను విరమింపక 1875లో కాలువజనులనుగూర్చి గ్రంథము ప్రకటించెను. 1877లో కాలువపడవల చట్టము పుట్టెను. 1884లో దానిని సవరించి తనిఖీని బలపరచిరి. కాపురముండు ప్రతి పడవయు ఏదో యొక స్థలమున రిజిస్టరు కావలెను. ఇంత గదిలో ఇందరికి మించి నిదురింపరాదు. అధికారి వచ్చి చూడవచ్చును, అని అందలి విధులు.

స్మిత్తు మహోపకారియే. అయినను ఆయన పద్ధతిని విమర్శింపక తప్పదు. కాలువజనులు లక్షవరకుందురని ఆయన చెప్పిన లెక్క మిక్కిలి హెచ్చని తరువాతి చరిత్రకారుల యభిప్రాయము. తాగుబోతులనియు నీతిహీనులనియు ఆయన వారిని చిత్రించిన తీరు పడవవారికి బాధ కలిగించెను. జాలి పుట్టించుటకై ఒక జాతిని నీచముగా వర్ణించు సంస్కర్త, వారి కొక కష్టమును తొలగించుచు వేరొక యవమానమును మోపుచున్నాడు. పదియడుగుల గదిని అద్దమువలె తోమిన స్త్రీలకు అట్టి గ్రంథము చదివి వినిపించినచో వారేమనుకొందురు?

చట్టమునందలి అసలు లోపము వేరొకటి. బిడ్డ చదువు విషయమున, పడవ ఏ స్థలమున రిజిస్టరైనదో ఆ స్థలమే ఆ బిడ్డ నివాసమని భావింపవలెనని 1877 నాటి చట్టము విధించెను. పడవ బర్మింగుహాములో రిజిస్టరైనచో, బిడ్డ ఆ వారము లండనునందున్నను వాని యూరు బర్మింగుహామే. కాగితముపై బిడ్డ కొక యూరు కలిగెను, బడిమాత్రము దొరకలేదు. సరకు దింపు ఒకటి రెండు దినములు ఒక యూరిలో, మరల రెండు దినములు వేరొక యూరిలో కూర్చున్న బిడ్డకు అక్షరములు గుణింతము దాటునా? ఇరువదవ శతాబ్దపు నడిమివరకును పడవవారిలో చదువను వ్రాయను రానివారు పెక్కుమంది యుండిరి. ఇది వారి బుద్ధిలోపము కాదు. ప్రతి లాకును ప్రతి వంకను కంఠస్థముగా నెరిగి, రాత్రివేళ ముప్పది టన్నుల పడవను కొన్ని యంగుళముల యెడముతో లాకులో దూర్చగలిగిన వారి బుద్ధి కొరతబడినదని యెవడు చెప్పగలడు?

బడియే బిడ్డను వెదకికొని పోవలెనను బుద్ధి పుట్టిన చోటులందు మేలు జరిగెను. 1930లో లండనుకు చేరువనున్న వెస్టు డ్రేటనువద్ద ఒక పడవనే పాఠశాలగా మార్చి కాలువగట్టున నిలిపిరి. స్టోక్ బ్రూయర్ను గ్రామమున మేరీ వార్డు అను నర్సు, గట్టుననున్న తన యింటనే పడవవారికి దశాబ్దముల తరబడి వైద్యము చేసెను. వారు దారిలో ఆగు చోటనే ఆమె మందు దొరకెడిది. 1951లో ఆమెకు ప్రభుత్వ పతకము లభించెను. చట్టము బిడ్డ యూరిని కాగితముపై కల్పింపగా, ఈ రెండు యత్నములును బిడ్డయున్న చోటికే పోయినవి.

రెండవ ప్రపంచయుద్ధమునందు పడవలకు మనుష్యులు చాలక, పట్టణపు యువతులను కొందరిని ఈ పనిలో శిక్షణమిచ్చి చేర్చుకొనిరి. ఎంజనుగల పడవయు, దానివెనుక కట్టిన బట్టీ యను పడవయు కలిపి ముగ్గురు స్త్రీలు నడుపుచుండిరి. వారి బిళ్లపైనుండిన ఐ, డబ్ల్యు అను అక్షరములనుబట్టి “సోమరి వనితలు” అను అర్థము వచ్చు పేరు వారికి వేళాకోళముగా నిలిచిపోయెను. వారి పని చూచినవారు ఆ పేరు విని నవ్వియుందురు. 1948 జనవరి 1వ తేదీన కాలువలలో అధికభాగము ప్రభుత్వాధీనమయ్యెను. 1962-63 నాటి ఘోరశీతకాలమున కాలువలు వారములతరబడి గడ్డకట్టుటతో సరకువర్తకము దాదాపు అంతరించెను. పడవవారు గట్టెక్కి ఇండ్లలో చేరిరి.

కాలువలును పూడిపోవలసినవే. అట్లు కాకుండుటకు ఒక గ్రంథము తోడ్పడెను. ఎల్. టి. సి. రోల్టు అను ఇంజనీరు “క్రెస్సీ” యను పాతపడవను బ్యాన్‌బరీలో కాపురమునకు తగునట్లు మార్పించి, 1939లో భార్యతో ప్రయాణమై, ఆ యనుభవములను 1944లో “నారో బోటు” అను పుస్తకముగా ప్రకటించెను. అది చదివి రాబర్టు ఐక్‌మను ఆయనను కలిసికొనెను. వారి మైత్రినుండి 1946లో కాలువల సంరక్షణ సంఘము పుట్టెను. 1968 నాటి రవాణాచట్టము విహారపడవలకై కొన్ని కాలువలను నిలుపవలెనని శాసించెను. 2012లో ఇంగ్లండు, వేల్సు దేశముల కాలువలు ప్రభుత్వశాఖ చేతినుండి కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అను ధర్మసంస్థకు సంక్రమించెను. దాని పాలనలో నేడు రెండువేల మైళ్ల జలమార్గములును ముప్పదివేలకు పైగా పడవలును కలవు. సరకున్న చోట ఇప్పుడు గదులున్నవి. విహారమునకు వచ్చువారు కొందరు; పట్టణములలో ఇండ్ల వెలలకు తాళలేక పడవయే యిల్లుగా చేసికొన్నవారు మరికొందరు.

అట్టి పడవను కొనదలచినవాడు మొదట దాని పొడవును చూడవలెను. డెబ్బదియడుగుల పడవలో చోటెక్కువ. కాని ఉత్తరమున కాల్డరు-హెబ్బులు వంటి జలమార్గములలో లాకులు పొట్టివి. ఏబదియేడు అడుగుల పడవ దాదాపు అన్ని కాలువలకును పోగలదు. పూర్వము కఱ్ఱతోను ఇనుముతోను చేసిరి, ఇప్పటివి ఉక్కుపడవలు. అడుగు పది మిల్లీమీటర్లు, ప్రక్కలు ఆరు, పైకప్పు నాలుగు మందముగానుండుట సామాన్యము. రంగులను తెరలను చూచి మోసపోరాదు; పడవను నీటినుండి తీయించి, నిపుణునిచే ఉక్కు మందమును కొలిపించిన పిదపనే బేరమాడవలెను. కొన్న తరువాత రెండు మూడేండ్లకొకమారు గట్టున కెత్తించి అడుగుభాగమునకు నల్లపూత పూయింపకున్నచో త్రుప్పు తినివేయును. నాలుగేండ్లకొకమారు భద్రతాపరీక్ష, భీమా, ఏటేట లైసెన్సు తప్పవు.

కాపురపు కష్టములు వేరు. గట్టుమీది కుళాయివద్ద తొట్టి నింపుకొనవలెను. మరుగుదొడ్డి పెట్టెను నియమిత స్థలమునకు మోసికొనిపోయి ఖాళీచేయవలెను. దీపములకు బ్యాటరీల లెక్క చూచుకొనవలెను. చలికాలమున బొగ్గుపొయ్యియే శరణ్యము. ఇరుకుగదిలో గాలి యాడనిచో ఆ పొయ్యియే కార్బన్ మోనాక్సైడు అను వాసనలేని విషవాయువును గ్రక్కి ప్రాణము తీయును. కావుననే ఆ వాయువును కనిపెట్టి మ్రోగు గంట పడవలో నుండవలెనని 2019 ఏప్రిలు మొదలు నియమమేర్పడెను.

నడుపుటయు నేర్వదగిన విద్యయే. చుక్కానిపిడిని ఎడమకు నెట్టినచో పడవముక్కు కుడికి తిరుగును. పడవ తన నడుమును ఇరుసుగా చేసికొని తిరుగును గనుక వెనుకకొన యెటు పోవుచున్నదో చూచుకొనవలెను. బ్రేకు లేదు, వెనుకకు నడుపునప్పుడు చుక్కాని మాట దాదాపు వినదు. ఎదురుపడిన పడవలు కుడివైపునకు తొలగవలెను. గంటకు నాలుగు మైళ్లు మించరాదు. కట్టివేసిన పడవల ప్రక్కన నడకకంటె మెల్లగ పోవలెను, లేనిచో లోనివారి పొయ్యిమీది గిన్నెలు దొర్లును. గంటకు మూడు మైళ్లనియు లాకుకు పావుగంటయనియు లెక్కవేసికొన్నచో ప్రయాణము తప్పదు. లాకులో దిగునప్పుడు ప్రాణాపాయమొకటి కలదు: పైతలుపు మొదట నీటిక్రింద రాతిగడప యుండును, పడవ వెనుకకొన దానిపై చిక్కుకొన్నచో, నీరు దిగుచుండగా ముందుకొన క్రిందికి వాలి పడవ మునుగును. పడవను ముందునకు జరిపి యుంచి, చేయి తూముపిడి దగ్గరనే యుంచవలెను. ఇరుకులాకు నిండుటకు సుమారు 25,000 గ్యాలనుల నీరు కావలెను. ఎదుటినుండి పడవ వచ్చుచున్నచో ఆగి, ఆ నీటినే వారికి దక్కించుట మర్యాద. బ్రిండ్లీ నాటి పొదుపు నేటికిని పొదుపే.

ఇంతయు నేర్చినవానికిని చట్టము ఆ పాతప్రశ్ననే వేయుచున్నది. 1995 నాటి బ్రిటిషు వాటర్‌వేసు చట్టము ప్రకారము లైసెన్సు కావలెనన్నచో పడవకు స్థిరమైన రేవైనను ఉండవలెను, లేదా ఏ యొక్క స్థలమునను పదునాలుగు దినములకు మించి, తగిన కారణమున్నగాని, నిలువక నిజముగా ప్రయాణము చేయుచుండవలెను. “స్థలము” అనగా ఎంత మేరయో ఆ చట్టము నిర్వచింపలేదు. బిడ్డను బడిలో చేర్చిన తల్లి, వారమువారమును డాక్టరును చూడవలసిన వృద్ధుడు, ఏ గట్టువరకు జరిగిన చాలునో యెట్లు తెలియును? 2024 ఏప్రిలు మొదలు రేవులేని పడవలకు లైసెన్సురుసుము హెచ్చించిరి. ట్రస్టువారి వాదమును త్రోసివేయదగినది కాదు: కాలువ అందరిది, గట్టులన్నియు స్థిరనివాసములైనచో ప్రయాణికుడెక్కడ ఆగును? కాని కదలుటను విధించిన సంఘము, కదలువాని బిడ్డకు బడిని, రోగికి మందును అందుబాటులో నుంచుట కూడ తన విధియని యొప్పుకొనవలెను.

ఇది యసాధ్యము కాదు. స్థిరమైన చిరునామా లేనివారు, తమకు సంబంధముగల స్థలమును ప్రకటించి ఓటరుగా చేరుటకు ఆ దేశపు 2000 సంవత్సరపు చట్టము దారి చూపినది. ఓటునకు చూపిన దారిని బడికిని ఆసుపత్రికిని చూపరాదా? ఇదొక్క ఇంగ్లండు ప్రశ్నయు కాదు. జార్జి స్మిత్తు బాల్యమున మట్టి మోసిన ఇటుకలబట్టీలవంటివి మనదేశమునను కలవు. పని వెంట ఊరూరు తిరుగు తలిదండ్రులతో అచ్చటికి వచ్చు బిడ్డలును కలరు. వారి పేరు ఏ యూరి హాజరుపట్టీలో నున్నదని విచారించుటకంటె, వారు నేడున్న చోట పలకయు బలపమును ఉన్నవా యని విచారించుట మేలు. వెస్టు డ్రేటనున బడిగా మారిన ఆ పడవ మనకు చూపునది ఈ మార్గమునే.